ఈమాన్ కమ్‌జోర్ కాదు భాయ్, మర్జ్ అది!



పదేళ్ళు దాటింది. ఒకరోజు మగ్రిబ్ నమాజ్ అయ్యాక ఫోన్ మోగింది. కర్నూల్లో ఉర్దూ మీడియం స్కూల్లో నాతో ఒకే బెంచీ మీద కూర్చున్న దోస్త్. పేరు రాయను, వాడి అమ్మీ ఇంకా ఉంది. ఎప్పుడో తీసుకున్న మూడు వేలు నా అకౌంట్లో వేశానని చెప్పాడు. ఆ బాకీ సంగతి నేను మర్చేపోయాను. కాస్త ఆగి, "కహా సునా మాఫ్ కర్ దే యార్" అన్నాడు.

నేను నవ్వాను. "క్యా రే, హజ్ కు జారా క్యా?" అన్నాను. వాడూ నవ్వాడు. "హౌ, వైసాచ్ సమఝ్ లే" అన్నాడు.

ఐదో రోజు వాడి జనాజా. వాడి ప్రాణం వాడే తీసుకున్నాడు.

మన ఇళ్ళల్లో కహా సునా మాఫ్ అని ఎప్పుడంటాం? హజ్‌కి పోయే ముందు అంటాం. పెద్ద ఆపరేషన్‌కి పోయే ముందు అంటాం. మౌత్ మంచం మీద అంటాం. పైగా బాకీతో చచ్చిపోకూడదని చిన్నప్పటినుంచి విన్నవాళ్ళం. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, ఏ సఫర్‌కీ పోనివాడు, పాత బాకీలు తీర్చి మాఫీ అడుగుతున్నాడంటే దాని అర్థం మన తహజీబ్‌లో పెరిగిన ఎవరికైనా తట్టాలి. నాకు తట్టలేదు.

అంతకు నాలుగైదు నెలల ముందునుంచీ వాడు చెబుతూనే ఉన్నాడు. నీంద్ రావడం లేదన్నాడు. దుకాణం షట్టర్ ఎత్తబుద్ధి కావడం లేదన్నాడు. పిల్లలు మీదికెక్కి ఆడుకుంటున్నా ఏమీ అనిపించడం లేదన్నాడు. నేనేం చెప్పాను? "నమాజ్ పాబందీగా చదువుకో, సబ్ ఠీక్ హో జాతా. ఈమాన్ కమ్‌జోర్ అయితే ఇట్లాగే ఉంటది." తెలుగులో డిగ్రీ చేసి, పేపర్లో కొలువు చేసి, ఊరందరికీ నీతులు రాసే నేను ఇచ్చిన నుస్ఖా అది. కాబట్టి ఈ రాతలో నేను తిట్టబోయేవాళ్ళ వరసలో మొదట నిలబడేది నేనే.

వాడి వార్త జిల్లా పేజీలో నాలుగు లైన్లు వచ్చింది. "కడుపునొప్పి తాళలేక" అని. నా కొలువులో ఇలాంటి వార్తలు నేను ఎన్ని దిద్దానో లెక్కలేదు. కడుపునొప్పి తాళలేక, మనస్తాపంతో, క్షణికావేశంలో, జీవితంపై విరక్తి చెంది. ఈ నాలుగు మాటలూ మా దగ్గర అచ్చులు పోసి పెట్టినట్టుండేవి. ఇంటివాళ్ళు అట్లా చెబుతారు, పోలీసులు అట్లా రాసుకుంటారు, మేం అట్లా అచ్చేస్తాం. నెలల తరబడి ఒక మనిషిని లోపలినుంచి తినేసిన మర్జ్ పేరు మాత్రం ఎక్కడా రాదు. నా దోస్త్‌కి కడుపునొప్పి లేదని నాకు తెలుసు. తెలిసీ నోరెత్తలేదు.

ఇప్పుడు ఎత్తుతున్నాను.

మన ఇళ్ళల్లో దీనికి పేరు లేదు

తెలుగు పేపర్లు కుంగుబాటు అంటాయి. ఉర్దూ అఖ్బార్లు అఫ్సుర్దగీ అంటాయి. మన ఇళ్ళల్లో ఈ రెండు మాటలూ ఎవరూ వాడరు. మనం ఏమంటామో గుర్తు చేసుకోండి. "జీ నై లగ్‌రా." "దిల్ ఘబ్రారా." "సీనే పే కుచ్ వజన్ రఖే వైసా హై." "కుచ్ అచ్ఛా నై లగ్‌రా." ఇంట్లో అమ్మీ ఈ మాటలు అంటే గ్యాస్ అనుకుంటాం, ఈనో తాగిస్తాం. బహూ అంటే పని దొంగ అంటాం. జవాన్ పిల్లాడు అంటే ఫోన్ ఎక్కువ చూస్తున్నాడంటాం. అబ్బా అయితే అసలు అననే అనడు. ఆయన కోపం చేస్తాడు, కంచం తోసేస్తాడు, అర్ధరాత్రి దాకా చబూత్రా మీద ఒంటరిగా కూర్చుంటాడు.

డాక్టర్లు దీన్ని గుర్తుపట్టే పద్ధతి ఏమీ మంత్రం కాదు. మనసు దిగులుగా, ఖాళీగా ఉండటం. ఇంతకు ముందు ఇష్టమైనవాటి మీద ఇష్టం పోవడం. ఈ రెంటిలో కనీసం ఒకటి రోజంతా, ఇంచుమించు ప్రతిరోజూ, కనీసం రెండు వారాలుగా ఉందా అని మొదట చూస్తారు. దానితోపాటు నిద్ర చెడిందా, లేక మరీ ఎక్కువ పడుకుంటున్నాడా? ఆకలి, ఒంటి బరువు మారాయా? ఏ పనీ చేయకుండానే అలసటా? మాట, నడక మందగించాయా, లేక ఒకచోట కుదురుగా ఉండలేకపోతున్నాడా? ధ్యాస నిలవడం లేదా? నేను పనికిరానివాణ్ణి, అంతా నా తప్పే అనే మాటలున్నాయా? చావు ఖయాల్ వస్తోందా? ఇలాంటి తొమ్మిదింటిలో ఐదు కలిసి ఉండి, రోజు గడవడం కష్టమైతే డిప్రెషన్ అంటారు. మన ఆడవాళ్ళల్లో ఇది చాలాసార్లు తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, గుండె దడ, గ్యాస్ రూపంలో బయటపడుతుంది. మగవాళ్ళల్లో చిరాకు, కోపం, కొందరిలో తాగుడు రూపంలో.

ఇది దిల్ విరగడం ఒక్కటే కాదు. కాకా పోతే ఏడుస్తాం, వ్యాపారం మునిగితే దిగులు పడతాం, అది ఘమ్. నలుగురు వచ్చి కూర్చుంటే కాస్త తేలికవుతుంది, రోజులు గడిస్తే తగ్గుతుంది. డిప్రెషన్‌లో నలుగురు వచ్చి కూర్చున్నా మనిషి బావి అడుగునే ఉంటాడు. ఒక్కోసారి కారణం ఉంటుంది, ఒక్కోసారి ఏ కారణమూ దొరకదు.

ఇదేదో అంగ్రేజీ డాక్టర్లు కొత్తగా కనిపెట్టిన సంగతి అనుకునేవాళ్ళకు ఒక మాట. వెయ్యేళ్ళకు పైబడి కిందట, 934లో ఇంతెకాల్ చేసిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే ఆలిమ్ జిస్మ్ గురించీ నఫ్స్ గురించీ కలిపి ఒక కితాబ్ రాశాడు. ఒంటికి జబ్బు చేసినట్టే నఫ్స్‌కీ జబ్బు చేస్తుందన్నాడు. కారణం తెలిసిన దిగులు వేరు, కారణం తెలియని దిగులు వేరు అని విడదీశాడు. రెండో రకానికి ఒంటిలో కూడా మూలం ఉంటుంది, దానికి ఇలాజ్ చేయాలన్నాడు. 1284లో కైరోలో కట్టిన మన్సూరీ బీమారిస్తాన్‌లో మనసు జబ్బులవాళ్ళకు వేరే వార్డు ఉండేది. ఆ ఉమ్మత్ వారసులం మనం. ఇవాళ సైకియాట్రిస్ట్ బోర్డు ఉన్న గల్లీలోకి పోవాలంటే ముఖానికి రుమాలు కట్టుకుంటున్నాం.

మర్జ్ చెప్పేదే మనమూ చెబుతున్నాం

ఇక నా అసలు జగడానికి వస్తాను.

డిప్రెషన్ లక్షణాల్లో ఒకటి పైన చెప్పాను: నేను పనికిరానివాణ్ణి, తప్పంతా నాదే అనే భావం. ఇది మనిషిని బట్టి వేషం మార్చుకుంటుంది. పరీక్షల పిల్లాడికి "నాకు బుర్ర లేదు" అని చెబుతుంది. కూలి చేసుకునేవాడికి "పిల్లల్ని సాకలేని బాప్‌వి" అని చెబుతుంది. దీన్‌దార్ మనిషి దగ్గరికి వచ్చినప్పుడు అది టోపీ పెట్టుకుని వస్తుంది. "నీ నమాజ్ ఖుబూల్ కావడం లేదు. నీ దువా పైకి పోవడం లేదు. అల్లాహ్ నీ నుంచి ముఖం తిప్పుకున్నాడు. నువ్వు మునాఫిఖ్‌వి" అని చెవిలో ఊదుతుంది. సజ్దాలో కూడా మనసు రాయిలా ఉంటే ఆ మనిషి ఆ మాట నమ్ముతాడు. అప్పటికే సగం చచ్చిపోతాడు.

సరిగ్గా ఆ సమయంలో మనం పోతాం. పరామర్శకు పోయిన మామూ, తబ్లీగ్ దోస్త్, ఇంటిపక్క ఆపా, అందరం కలిసి ఏం చెబుతాం? "ఈమాన్ కమ్‌జోర్ హై, ఇసీ లియే." అంటే మర్జ్ లోపలినుంచి ఏ మాట చెబుతోందో బయటినుంచి మనం అదే మాట చెబుతున్నాం. జబ్బుకి మనం గవాహీ ఇస్తున్నాం! కోర్టులో ముద్దాయిని ఉరి తీయమని అడిగే వకీల్‌కి సాక్ష్యం చెప్పి, ఇంటికొచ్చి నేను వాడికి మంచే చేశాను అనుకుంటున్నాం.

నేను నా దోస్త్‌కి చేసింది ఇదే.

నమాజ్ వద్దని నేను అనడం లేదు, తౌబా. నమాజ్, జిక్ర్, జమాత్‌లో పక్కవాడి భుజం తగలడం, ఇవన్నీ మనిషిని నిలబెడతాయి. కానీ షుగర్ ఉన్న హాఫిజ్ సాహెబ్‌ని ఇన్సులిన్ మానేసి తరావీహ్ చదివించమని ఎవరైనా అంటారా? గుండె ఆపరేషన్ చేయించుకున్న మౌలానాని చూసి ఈయన తవక్కుల్ తక్కువ అనుకుంటామా? ఇలాజ్ చేయించుకోండి, అల్లాహ్ దవా లేని జబ్బును దించలేదని రసూల్ (స) చెప్పిన హదీస్‌ని షుగర్ క్యాంపు బ్యానర్ మీద రాస్తాం. మనసు దగ్గరికి వచ్చేసరికి అదే హదీస్‌ని మడతపెట్టి తాఖ్‌లో దాచేస్తాం.

మర్యం బీబీని ఎవరైనా కమ్‌జోర్ అన్నారా?

మా ఖాన్‌దాన్‌లో ఒక చెల్లి. మొదటి కాన్పు అయింది, చిల్లా ఇంకా దాటలేదు. పసిబిడ్డని ఒళ్ళో పెడితే గోడకేసి చూస్తూ కూర్చునేది. పాలివ్వమంటే ఏడ్చేది. ఒకరోజు "మై మర్ జాతీ తో అచ్ఛా థా" అంది. ఇల్లంతా గగ్గోలు. "తౌబా కర్! నాషుక్రీ! పండులాంటి కొడుకుని ఇచ్చాడు అల్లాహ్" అని సాస్ అరిచింది. అసర్ అయిందన్నారు. ఆమిల్ వచ్చాడు, తావీజ్ కట్టాడు, నీళ్ళు చిలకరించాడు. రెండు నెలలు అట్లా పోయాయి. పిల్ల ఎండిపోయింది.

ఆ రోజుల్లో నాకు సూరె మర్యం గుర్తొచ్చింది. ప్రసవం నొప్పులు పడుతూ ఖర్జూరం చెట్టు మొదట్లో ఒంటరిగా ఉన్న మర్యం (అ) ఏమన్నారు? దీనికి ముందే చచ్చిపోయి ఉంటే, అందరూ నన్ను మరిచిపోయి ఉంటే బాగుండేదన్నారు. ఖుర్ఆన్‌లో పేరుతో సూరా ఉన్న ఏకైక స్త్రీ నోట వచ్చిన మాట ఇది. జవాబుగా ఆమెకు తిట్లు రాలేదు. ఈమాన్ మీద బయాన్ రాలేదు. గమ్ చేయవద్దని ఓదార్పు వచ్చింది. కాళ్ళ దగ్గరే నీళ్ళు పారాయి. చెట్టు కదిపితే పండిన ఖర్జూరాలు రాలాయి. తిని, తాగి, కళ్ళు చల్లబరచుకోమని మాట వచ్చింది. లోకులతో మాట్లాడే బాధ కూడా ఆ రోజుకి ఆమె మీద లేకుండా చేశారు.

మా చెల్లి సాస్‌కి నేను ఇదే చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు బురఖా వేసుకుని, కోడల్ని తీసుకుని, తనే ఆటో ఎక్కింది, పెద్దాసుపత్రికి. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అన్నారు. మందులు, మాటలతో వైద్యం, రాత్రి బిడ్డని ఇంకొకరు చూసుకుని తల్లికి నిద్ర. రెండు మూడు నెలల్లో ఆ పిల్ల మళ్ళీ నవ్వింది. ఆ కొడుకు ఇప్పుడు మద్రసాలో నాజిరా చదువుతున్నాడు. ఇది కూడా రాయాలి. పోయినవాళ్ళ కథలే రాస్తే ఈ మర్జ్‌కి షిఫా లేదేమో అనిపిస్తుంది. ఉంది. ఎక్కువమంది బాగవుతారు.

"ఖుద్‌కుషీ హరామ్, దాని గురించి మెత్తగా మాట్లాడొద్దు"

ఈ మాట అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. వాళ్ళకు గౌరవంగానే జవాబు చెబుతాను. అవును, హరామ్. ఆ మాట ఎందరి చేతులో వెనక్కి లాగి ఉంటుంది. ఆ గోడను నేను కూల్చడం లేదు. కానీ గోడ జ్వరాన్ని తగ్గించదు. గోడ ఇవతల కాలిపోతున్న మనిషికి నీళ్ళు కావాలి. జహన్నుమ్ బయాన్‌కి భయపడి అతను తన ఖయాల్‌ని ఎవరికీ చెప్పకుండా దాచుకుంటే, ఆ బయాన్ కాపాడింది ఇంటి ఇజ్జత్‌ని. మనిషిని కాదు.

తర్వాత జనాజా సంగతి. "వాడికి నమాజ్ చదవకూడదు" అని గుసగుసలాడేవాళ్ళను నేను నా దోస్త్ ఇంటిముందే విన్నాను. హనఫీ ఫిఖ్‌హ్‌లో ఫత్వా ఏమిటో ఏ ముఫ్తీ సాహెబ్‌నైనా అడగండి: గుసుల్ ఉంది, కఫన్ ఉంది, జనాజా నమాజ్ ఉంది. రసూల్ (స) అలాంటి ఒకరికి తాము స్వయంగా చదివించలేదన్న హదీస్ ఉంది, నిజమే. అది మిగతావాళ్ళకు హెచ్చరికగా అని, ఊరివాళ్ళు చదవాల్సిందేనని ఎక్కువమంది ఉలమా వివరించారు. సహీ ముస్లింలోనే ఇంకొకటి ఉంది. తుఫైల్ బిన్ అమ్ర్ దౌసీ (రజి)తో హిజ్రత్ చేసి మదీనా వచ్చిన ఒకాయన జబ్బుపడి, బాధ ఓర్చుకోలేక ప్రాణం తీసుకుంటాడు. సంగతి తెలిసిన రసూల్ (స) అతని మగ్ఫిరత్ కోసం దువా చేస్తారు. ఖుద్‌కుషీ చేసుకున్నవాడు కాఫిర్ అయిపోడనడానికి ఇది దలీల్ అని ఇమామ్ నవవీ రాశారు. మరి మొహల్లా చబూత్రా మీద కూర్చుని జన్నత్, జహన్నుమ్ పంచడానికి మనమెవరం? ఆ అమ్మీ కొడుకుని పోగొట్టుకుంది. ఆఖిరత్‌ని కూడా మనం లాక్కోవాలా?

దువా ఉండనీ, దవా మానొద్దు

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఏమైందో మనలో ఎంతమందికి గుర్తుంది? దర్గా ఊరు. బాగుపడతారని ఆశతో ఇంటివాళ్ళు వదిలిపోయిన మనసు జబ్బులవాళ్ళను ఒక ప్రైవేటు ఆశ్రమంలో గొలుసులతో కట్టి ఉంచారు. తెల్లవారుజామున మంటలు లేచాయి. గొలుసులు విప్పేవాళ్ళు లేరు. 28 మంది పోయారు.

గుజరాత్‌లో ఉనావా ఊళ్ళో మీరా దాతార్ దర్గా ఉంది. అక్కడికీ మనసు జబ్బులవాళ్ళు వేలల్లో వస్తారు. అక్కడ 'దవా-దువా' అని ఒక పద్ధతి పెట్టారు. దర్గా ముజావర్లకు జబ్బును గుర్తుపట్టడం నేర్పారు. దువా చేసి, పక్కనే ఉన్న డాక్టర్ దగ్గరికి పంపుతారు. ముజావర్ చెబితే మనిషి మాత్ర వేసుకుంటాడు. ఎవరి అఖీదా చెడలేదు. మన ఊళ్ళల్లో ఇది ఎందుకు జరగదు? జనం ఆమిల్ దగ్గరికి పోవడం ఆపలేం. కానీ "నా దగ్గరికి రా, డాక్టర్ దగ్గరికీ పో" అని చెప్పని ఆమిల్‌కి దండం పెట్టి బయటికి రావచ్చు.

మందుల గురించి రెండు మాటలు. డిప్రెషన్ మాత్రలు నిద్రమాత్రలు కావు, మత్తుమందులూ కావు. పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది. మొదటి వారాల్లో, ముఖ్యంగా పాతికేళ్ళలోపు పిల్లల్ని, దగ్గరుండి కనిపెట్టుకోవాలి. కాస్త బాగుందనగానే చటుక్కున మానేయకూడదు, డాక్టర్ తగ్గించమన్నట్టు తగ్గించాలి. రంజాన్ వచ్చిందని సొంతంగా మాత్రలు ఆపేవాళ్ళు మన దగ్గర ఎందరో. మరీజ్‌కి రోజా నుంచి రుఖ్సత్ ఖుర్ఆనే ఇచ్చింది. మనసు మరీజ్ కూడా మరీజే. నెలపొడుపుకి ముందే డాక్టర్‌ని అడిగితే, వీలైతే సహ్రీకి ఇఫ్తార్‌కి సరిపోయేట్టు టైం మార్చి ఇస్తారు.

అడగండి. సీదా అడగండి

డిప్రెషన్ ఉన్న అందరూ ప్రాణం తీసుకోరు, చాలామంది తీసుకోరు. ప్రాణం తీసుకున్నవాళ్ళందరికీ డిప్రెషనే ఉండదు, అప్పులు, కొట్లాటలు, తాగుడు, ఇంట్లో హింస కూడా ఉంటాయి. కానీ ఈ రెంటికీ ఉన్న లంకె గట్టిది. ముఖ్యంగా ఇదివరకు ఒకసారి ప్రయత్నించినవాళ్ళకు ప్రమాదం ఎక్కువ. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ప్రాణం తీసుకున్నారు. పదిమందిలో ఏడుగురు మగవాళ్ళు. నలుగురిలో ఒకరికి పైగా రోజుకూలీలు. బేల్దారులు, హమాలీలు, రోజు లెక్కన పనిచేసే మన గల్లీ మగవాళ్ళను ఆ లెక్కలో చూసుకోండి. ఇంకోపక్క, 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో డిప్రెషన్ ఉన్న వందమందిలో 85 మందికి వైద్యమే అందడం లేదని తేలింది.

ప్రమాదం దగ్గర పడిందని చెప్పే మాటలు మన జుబాన్‌లోనే ఉంటాయి. "మేరే బగైర్ తుమ్ లోగ్ సుకూన్ సే రహేంగే." "అబ్ థక్ గయా." "బచ్చోంకో దేఖ్ లేనా." బాకీలు తీర్చడం, అమానత్‌లు వాపస్ ఇవ్వడం, ఇష్టమైన వస్తువులు పంచేయడం, కహా సునా మాఫ్ అనడం. నెలల దిగులు తర్వాత ఏ ఇలాజ్ లేకుండానే ఒక్కసారిగా ప్రశాంతంగా అయిపోవడం. కడప, రాయచోటి నుంచి కువైట్ పోయిన మనవాళ్ళ సంగతైతే, వాయిస్ మెసేజ్‌లు పొట్టివైపోవడం, వీడియో కాల్ వద్దనడం, పైసలు మాత్రం ఉన్నట్టుండి ఎక్కువ పంపడం.

ఇలాంటివి కనబడితే అడగండి. చుట్టూ తిప్పకుండా. "చచ్చిపోవాలనిపిస్తోందా? మర్నే కే ఖయాలాఁ ఆరే క్యా?" అడిగితే లేని ఖయాల్ పుడుతుందని భయపడతాం. పుట్టదు. అడిగితే లోపలి బరువు కాస్త దిగుతుందని ఈ పని చేసే డాక్టర్లందరూ చెబుతారు. అవునంటే తిట్టొద్దు, కసమ్ వేయించుకోవద్దు, ఎవరికీ చెప్పనని వాదా ఇవ్వొద్దు. ఒంటరిగా వదలొద్దు. మాత్రలతో సహా హాని చేసుకోగల వస్తువులు అతనికి అందకుండా తాళంలో పెట్టండి. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పరిస్థితి చేయిదాటేలా ఉంటే 108 పిలవండి, ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. హైదరాబాద్ వాళ్ళకు ఎర్రగడ్డ ఉంది, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, మెడికల్ కాలేజీ ఉన్న పెద్దాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది. ఎర్రగడ్డ అనే పేరుని తిట్టుగా వాడటం మాత్రం ఇవాళే మానేద్దాం.

"పోలీస్ కేస్ అవుతుంది" అని ప్రయత్నించిన మనిషిని ఇంట్లోనే దాచేవాళ్ళున్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందేలా చూడాల్సింది ప్రభుత్వమే. పాత ఐపీసీ 309 సెక్షన్ 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త న్యాయసంహితలో లేదు. ఆసుపత్రిలో పోలీసులకు కబురు పోవచ్చు, ఒక మాట రాసుకోవచ్చు. దానికి భయపడి ప్రాణం పోగొట్టుకోవద్దు.

"రిష్తా రాదు" అనే భయం ఇంకొకటి. బేటీకి సైకియాట్రిస్ట్ చీటీ ఉందని తెలిస్తే రిష్తా రాదట. ఆ రిష్తాలు రాకపోవడమే మంచిది! చీటీ ఉన్న పిల్ల బతికి ఉన్న పిల్ల.

ఖదీజా బీబీ చేసింది మనం చేయలేమా?

మొదటి వహీ తర్వాత రసూల్ (స) వణుకుతూ ఇంటికి వచ్చారు. తన ప్రాణం గురించే భయంగా ఉందన్నారు. అది జబ్బు అని నేను అనడం లేదు, అస్తగ్‌ఫిరుల్లాహ్. వణుకుతూ వచ్చిన మనిషితో ఇంటివాళ్ళు ఎలా ఉండాలో ఖదీజా (రజి) చూపించిన తరీఖా చెబుతున్నాను. ఆమె ముందు కప్పారు. వణుకు తగ్గేదాకా ప్రశ్నలు వేయలేదు. తర్వాత చెప్పింది పూర్తిగా విన్నారు. మీరు బంధుత్వం నిలుపుతారు, బీదల భారం మోస్తారు, అల్లాహ్ మిమ్మల్ని రుస్వా చేయడు అని ఆయన మంచితనాన్ని ఆయనకే గుర్తు చేశారు. ఆఖరికి, నాకు తెలియని సంగతి అనుకుని, తెలిసిన మనిషి వరఖా బిన్ నౌఫల్ దగ్గరికి చేయి పట్టుకుని తీసుకెళ్ళారు. కప్పడం, వినడం, మంచి గుర్తు చేయడం, తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళడం. నాలుగు పనులు. ఇందులో "నీ ఈమాన్ కమ్‌జోర్" అనే మాట ఎక్కడుంది?

మస్జిద్ కమిటీ పెద్దలకు నా గుజారిష్ మూడు మాటల్లో. ఏడాదికి ఒక్క జుమా బయాన్ దీని మీద ఇప్పించండి. నమాజ్ టైముల బోర్డు కింద 14416 అని రాయించండి. ఇలాంటి మౌత్ జరిగిన ఇంటికి మొదట మీరే పోయి, జనాజా ముందు వరసలో నిలబడండి. మీరు నిలబడితే గుసగుసలు ఆగుతాయి. పేపర్లో పనిచేసే నా తోటివాళ్ళకు ఒక మాట: 2019లోనే ప్రెస్ కౌన్సిల్ ఈ వార్తలు ఎలా రాయాలో చెప్పింది. ఎలా చనిపోయారో వివరంగా రాయొద్దంది. కడుపునొప్పి తాళలేక అనే అచ్చును ఇక పక్కన పడేద్దాం.

ఇది చదువుతున్న మీలో ఎవరికైనా ఆ ఖయాల్ వస్తుంటే, మీతోనే మాట్లాడుతున్నాను. మీ ఈమాన్ పోలేదు. అల్లాహ్ మీ నుంచి ముఖం తిప్పుకోలేదు. ఆ మాట చెప్పేది మర్జ్. ఇవాళ రాత్రి ఇంట్లో ఒక్కరితో చెప్పండి. లేదంటే 14416కి చెప్పండి.

ఇప్పుడు ఎవరైనా నాతో కహా సునా మాఫ్ అంటే నేను నవ్వను. "కైకు?" అని అడుగుతాను. జవాబు వచ్చేదాకా ఫోన్ పెట్టను. మీరూ పెట్టొద్దు.

అల్లాహ్ హాఫిజ్.